గుర్రానికో చట్టం, మట్కాకో చట్టం

మాది మద్నూర్. బాన్సువాడ దాటి బిచ్కుంద మీదుగా వస్తే, నాందేడ్ పోయే 161వ నంబర్ జాతీయ రహదారి మీద తెలంగాణ అయిపోయే చోట ఉంటుంది. అవతల దెగ్లూర్, అంటే మహారాష్ట్ర. కర్ణాటక కూడా పక్కనే. ఒకే మనిషి అమ్మతో మరాఠీలో, షావుకారుతో తెలుగులో, బంధువులతో కన్నడంలో మాట్లాడటం మా దగ్గర వింతేమీ కాదు. పత్తి, జిన్నింగ్ మిల్లులు, జాతరకు కుస్తీ పోటీలు, ఇవీ మా ఊరి సంగతులు. గుర్రప్పందేలు మాత్రం లేవు. మరి మద్నూర్‌వాడికి రేస్ కోర్సుతో పనేమిటి అని అడుగుతారేమో. పని ఉంది. అది మట్కా దగ్గర మొదలవుతుంది.

సరిహద్దు ఊళ్లలో పెరిగినవాళ్లకు మట్కా అంటే వివరించి చెప్పక్కర్లేదు. చీటీ మీద నంబరు రాసుకుంటారు, ఓపెన్ అంటారు, క్లోజ్ అంటారు, సాయంత్రానికి ఎవరి కూలి డబ్బులో పోతాయి. అప్పుడప్పుడు పోలీసులు దాడి చేస్తారు, చీటీలు రాసేవాడిని పట్టుకుంటారు, మర్నాడు జిల్లా పేజీలో వరసగా నిలబెట్టిన ఫొటో పడుతుంది. పట్టుకోవడం తప్పని నేను అనడం లేదు. ఆ పట్టుకునే చట్టాన్ని ఒకసారి చదవమంటున్నాను.

అది 1974 నాటి గేమింగ్ చట్టం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది, ఇప్పుడు తెలంగాణ చట్టం. జూదం అంటే ఏమిటో అందులో ఒక నిర్వచనం ఉంది. మట్కా, సట్టా, లక్కీ బోర్డు, డబ్బు పెట్టి కాసే పందేలు, ఇవన్నీ జూదమే అంటుంది. ఇంకా వాక్యం పూర్తి కాకముందే, గుర్రప్పందెం మీద కాసేది తప్ప, అని ఒక మినహాయింపు ఇస్తుంది. పందెం జరిగే రోజునే కాయాలి, ప్రభుత్వ అనుమతితో స్టీవార్డులు కేటాయించిన ఆవరణలోనే కాయాలి, అలాంటి షరతులున్నాయి. షరతులు ఉన్నాయి కాబట్టి అంతా సక్రమం. అంటే మద్నూర్‌లో పది రూపాయల చీటీ నేరం, మలక్‌పేటలో పదివేల టికెట్ వినోదం. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి.

దీనికి న్యాయపరమైన సమాధానం ఉంది, అది చెత్త సమాధానం కూడా కాదు. మనదేశంలో కోర్టులు ఆటల్ని రెండు రకాలుగా చూస్తాయి. అదృష్టం మీద నడిచేవి, నైపుణ్యం మీద నడిచేవి. ఈ గీత గీయడంలో మన ఊరి కేసుకే పెద్ద పేరుంది. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేస్తే అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రమ్మీలో ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది పట్టాలి ఏది పారెయ్యాలి అని ఆలోచించాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యమున్న ఆటే అని కోర్టు తేల్చింది. అది సత్యనారాయణ కేసు, 1968 రిపోర్టుల్లో ఉంటుంది. తర్వాత 1996 జనవరిలో మద్రాస్ రేస్ క్లబ్ విషయంలో వచ్చిన లక్ష్మణన్ కేసు తీర్పు గుర్రప్పందేలకూ ఇదే సూత్రం వర్తింపజేసింది. గుర్రం వంశం, శిక్షణ, ఇంతకు ముందు పరుగులు, మోసే బరువు, జాకీ చెయ్యి, పందెం దూరం, ఇవన్నీ లెక్కవేసి కాస్తారు కాబట్టి ఇది గుడ్డి జూదం కాదన్నారు.

బాగుంది. ఇక్కడే నా వాదన.

నైపుణ్యం అనేది గాలిలోంచి రాదు, సమాచారం మీద ఆధారపడుతుంది. మన మిషన్ లెర్నింగ్ ల్యాబ్‌లో డేటా సెట్ ఇవ్వకుండా మోడల్ కట్టమంటే ఎవడైనా నవ్వుతాడు. పందెం కాసేవాడి సంగతీ అంతే. గుర్రానికి నిన్న కాలు వాచింది. ఆ ముక్క ట్రైనర్‌కు తెలుసు, ఓనర్‌కు తెలుసు, ఓనర్ స్నేహితుడికీ తెలుసు. స్టాండ్‌లో టికెట్ కొన్నవాడికి తెలియదు. అప్పుడు తెలిసినవాడిది నైపుణ్యం కాదు, లోపలి కబురు. తెలియనివాడిది మట్కా. కోర్టు ఇచ్చిన మినహాయింపు నిలబడాలంటే ఆ సమాచారం అందరికీ ఒకేసారి, ఒకేలా అందాలి. అందకపోతే చట్టంలోని ఆ మినహాయింపుకు పునాది ఉండదు. అంటే పారదర్శకత రేస్ క్లబ్ మనకు చేసే మర్యాద కాదు. తన ఆటను జూదం అనకుండా ఉంచుకోవడానికి అది చెల్లించాల్సిన ధర.

మరి ఆ సమాచారాన్ని ఎవరు కాపలా కాస్తారు? క్లబ్బే. హైదరాబాద్‌లో పందేలు 1868లో మౌలాలిలో మొదలయ్యాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1886లో వాటిని మలక్‌పేటకు, తన మహల్ దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆ మహబూబ్ మాన్షన్ శిథిలం ఇప్పుడు మలక్‌పేట గంజ్ మధ్యలో మిర్చి బస్తాల పక్కన ఉంది, మహల్ కంటే మార్కెట్టే ఎక్కువ కాలం నిలబడింది. ఇప్పటి హైదరాబాద్ రేస్ క్లబ్ 1961లో ఏర్పడింది. అది పందేలు నిర్వహిస్తుంది. టోట్ నడుపుతుంది, అంటే డబ్బు తీసుకుంటుంది. టర్ఫ్ అథారిటీ కూడా తానే, అంటే నియమాలు పెడుతుంది, లైసెన్సులు ఇస్తుంది, తప్పు జరిగిందంటే దాని స్టీవార్డులే విచారిస్తారు. ఇది ఒక్క హైదరాబాద్ క్లబ్ పద్ధతే కాదు, ముంబై, కోల్‌కతా, బెంగళూరు, చెన్నై క్లబ్బులదీ ఇదే వారసత్వం. ఎవరో దొంగలని నేను చెప్పడం లేదు. మా మార్కెట్ యార్డులో పత్తి అమ్మేవాడిని అడగండి. కాంటా వ్యాపారిది, లెక్క వ్యాపారిది, తగాదా వస్తే తీర్పు చెప్పేదీ వ్యాపారే అంటే, ఆ వ్యాపారి ఎంత ధర్మాత్ముడైనా రైతు నమ్ముతాడా? అందుకే కదా కాంటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర వేసేది.

పత్తి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. సీసీఐ వాళ్లు పత్తి కొనేటప్పుడు తేమ చూస్తారు. ఎనిమిది శాతం ఉంటే పూర్తి ధర, పన్నెండు దాకా తగ్గించి కొంటారు, దాటితే వెనక్కి. మిషన్ పెట్టి చూసినప్పుడు ఒక్క శాతం ఎక్కువ పడితే బండి మీద ఎంత పోతుందో మా దగ్గర చదువుకోనివాడు కూడా నోటిలెక్క చెప్తాడు. ఈ ఒక్క శాతం కథ అమెరికాలో గుర్రాల దగ్గర జరిగింది.

ముందు టోట్ ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో. అందరి పందేల డబ్బూ ఒక కుండలో పడుతుంది. లక్ష రూపాయలు పడ్డాయనుకోండి. నిర్వాహకుడు తన వాటా, పన్ను కలిపి ఇరవై శాతం తీసేస్తే ఎనభై వేలు మిగులుతాయి. గెలిచిన గుర్రం మీద మొత్తం పదహారు వేలు కాసి ఉంటే, రూపాయికి ఐదు రూపాయలు. అంతే. క్లబ్‌కు ఏ గుర్రం గెలిచినా ఒకటే, దాని వాటా ముందే తీసేసుకుంది. కాబట్టి ఈ యంత్రంలో మోసానికైనా పొరపాటుకైనా చోటుండేది ముఖ్యంగా ఆ కోత శాతంలో.

న్యూయార్క్ రేసింగ్ అసోసియేషన్ అనే సంస్థ ఆ రాష్ట్రంలోని మూడు పెద్ద రేస్ కోర్సులు నడుపుతుంది. 2006లో దివాలా పిటిషన్ వేసింది, రాష్ట్ర ప్రభుత్వం డబ్బు పెట్టి బయటపడేసింది. కొన్ని రకాల పందేల మీద కోతను తాత్కాలికంగా ఇరవై ఆరు శాతానికి పెంచుకోనిచ్చారు. ఆ గడువు 2010 సెప్టెంబర్‌లో అయిపోయింది, తిరిగి ఇరవై ఐదుకు దించాలి. దించలేదు. దాదాపు పదిహేను నెలలు ఇరవై ఆరే తీసుకున్నారు. పందెగాళ్లకు దక్కాల్సిన ఎనభై లక్షల డాలర్లకు పైగా ఇలా కోతలో పోయాయి. విషయం బయటపడ్డాక 2012 మేలో సంస్థ అధిపతిని తీసేశారు. అదే శీతాకాలంలో ఆక్విడక్ట్ ట్రాక్ మీద 21 గుర్రాలు పందేల్లో దెబ్బతిని చనిపోయాయి. గవర్నర్ ఆండ్రూ క్యూమో విచారణ బృందాన్ని వేశాడు. చివరికి 2012లో చట్టం చేసి బోర్డును మార్చేశారు. కొత్త బోర్డులో పదిహేడు మంది, అందులో పన్నెండు మంది రాష్ట్రం నియమించినవాళ్లు. గుర్రాల మరణాల మీద ఇచ్చిన సిఫార్సులు కూడా నాకు నచ్చాయి. నీతులు కాకుండా చేయదగ్గ పనులు అవి, పశువైద్యుడు ట్రైనర్ ఒత్తిడికి, నిర్వాహకుడి ఒత్తిడికి లొంగకుండా ఉండే ఏర్పాట్లు. 2017లో సంస్థ నిర్వహణ మళ్లీ ప్రైవేటు బోర్డు చేతికి వెళ్లింది.

రాజకీయ నాయకుడు దూరితే అంతా బాగుపడుతుందని దీని అర్థం కాదు. దూరడానికి ఒక కారణం, ఒక కాలపరిమితి, బయటికి వచ్చే దారి మూడూ ఉన్నాయని మాత్రమే. మన దగ్గర ఈ మూడోది ఎప్పుడూ ఉండదు.

పక్కనే మద్రాసు చూడండి. 1974లో కరుణానిధి ప్రభుత్వం గుర్రప్పందేల మీద కాయడాన్నే నిషేధిస్తూ చట్టం చేసింది. అది కోర్టుల్లో ఆగింది. 1986లో ఎంజీఆర్ ప్రభుత్వం మద్రాస్ రేస్ క్లబ్‌ను స్వాధీనం చేసుకునే చట్టం చేసింది. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే నవ్వొస్తుంది. మొదటిది పందేలు పాపం అంటోంది, రెండోది ఆ పందేల దుకాణం ప్రజాహితం కోసం మేమే నడుపుతాం అంటోంది. 1996 తీర్పు ఆ స్వాధీనం చట్టాన్ని కొట్టేసింది. పదేళ్లు కోర్టులో గడిచాయి. ఈ పదేళ్లలో స్టీవార్డుల విచారణ పద్ధతి గురించి గానీ, పందెగాడి హక్కుల గురించి గానీ ఎవరూ ఒక్క మంచి నియమం రాయలేదు.

తర్వాతి ఘట్టం 2024 సెప్టెంబర్ 9. గిండీలో రేస్ కోర్సుకు తమిళనాడు ప్రభుత్వం సీలు వేసింది. నూట అరవై ఎకరాలు. 1940లలో తొంభై తొమ్మిదేళ్లకు లీజు, ఏడాదికి ఆరువందల పైచిలుకు రూపాయల అద్దె. పెంచిన అద్దె బకాయి 730 కోట్లు అని ప్రభుత్వం లెక్క తేల్చింది, లీజు రద్దు చేసింది. ఆ స్థలంలో వరద నీటిని ఆపే చెరువులు, పార్కు అంటున్నారు. వేళచేరి మునకలు చూసినవాళ్లు దాన్ని కాదనలేరు, నేనూ కాదనను. కానీ గమనించండి, యాభై ఏళ్లలో ప్రభుత్వం మూడు సార్లు ఈ క్లబ్ గడప తొక్కింది. ఒకసారి నీతి కోసం, ఒకసారి అధికారం కోసం, ఒకసారి భూమి కోసం. ఆట బాగుపడాలని ఒక్కసారీ రాలేదు. ముంబై మహాలక్ష్మిలోనూ 2013లో లీజు అయిపోయింది, 2024లో నూట ఇరవై ఎకరాలు పార్కుకు ఇచ్చేలా ఒప్పందం. బెంగళూరులోనూ నగరం నడిబొడ్డు స్థలం మీదే ఏళ్ల తరబడి పేచీ. మలక్‌పేట కూడా మెట్రో లైను పక్కనే ఉందని నేను గుర్తుచేయక్కర్లేదు. రేపు మన ప్రభుత్వం చూపు అటు తిరిగితే ముందు కనబడేది గజం ధరే.

ఇంకో రకం రాజకీయ చూపు పన్ను. 2018లో జీఎస్టీ నిబంధనల్లో 31ఏ చేర్చి, రేస్ క్లబ్‌లో కాసిన పూర్తి మొత్తం మీద పన్ను కట్టాలన్నారు. క్లబ్‌కు దక్కేది కమీషన్ మాత్రమే, మిగతాది పందెగాళ్ల డబ్బు, దాని మీద పన్నేమిటని బెంగళూరు టర్ఫ్ క్లబ్ వెళ్తే 2021లో కర్ణాటక హైకోర్టు క్లబ్ వాదన ఒప్పుకుంది. 2023 జూలైలో జీఎస్టీ కౌన్సిల్ పూర్తి విలువ మీద 28 శాతం అని మళ్లీ తేల్చింది, అక్టోబర్ నుంచి అమలు. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతం. ఇందాకటి కుండ లెక్క గుర్తుందిగా, అందులో ఈ అంకె వేసి చూడండి. చట్టబద్ధంగా కాసేవాడికి దాదాపు ఏమీ మిగలదు. మరి కాయడం మానేస్తాడా? ఫోన్‌లో బుకీ నంబర్ ఉంటుంది, అక్కడ పన్ను లేదు, రసీదు లేదు, స్టీవార్డూ లేడు. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కోడిపందేలను హైకోర్టు వద్దన్నాక కూడా ఏం జరుగుతోందో యూట్యూబ్‌లో లైవ్‌గా చూస్తూనే ఉన్నాం. ఎక్కువ పన్ను సంస్కరణ కాదు, నిషేధానికి పెట్టిన ముద్దుపేరు.

"అయితే నిషేధించేస్తే పోలా? డబ్బున్నోళ్ల ఆట, నీకెందుకు బాధ?" అని మా హాస్టల్‌లో ఒక మిత్రుడు అడిగాడు. డబ్బున్నోళ్లది ఆటలో ఒక భాగమే. తెల్లారకముందే లేచి గుర్రాన్ని మాలిష్ చేసే సాయిసు డబ్బున్నవాడు కాదు. పొద్దున ట్రాక్ వర్క్‌కు ఎక్కే రైడింగ్ బాయ్ కాదు. లాడాలు కొట్టేవాడు కాదు. అయిదు వందల కిలోల జంతువు మీద గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోయే జాకీ కింద పడితే లేచే పూచీ లేదు. తాళం వేసిన రోజు వీళ్లందరూ రోడ్డు మీదే. ఓనర్‌కు మాత్రం ఇంకో నగరం ఉంటుంది.

ఇక గుర్రం. దానికి ఇంకో నగరం ఉండకూడదని కోరుకోవాల్సి వస్తోంది. 2025 ఏప్రిల్ చివర, మే మొదట్లో 57 గుర్రాలను హైదరాబాద్ నుంచి మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్ దగ్గరి రాయ్‌పురా అనే ఊరికి లారీల్లో తరలించారు. వేసవి, ఏడెనిమిది వందల కిలోమీటర్ల దారి. మే నెల సగానికే ఎనిమిది చనిపోయాయి. గ్లాండర్స్ అనే అంటువ్యాధి ఉందేమోనని రక్తం నమూనాలు హిసార్‌లోని జాతీయ పరిశోధన కేంద్రానికి పంపారు. జంతు ప్రేమికులు ఫిర్యాదులు చేశారు, మధ్యప్రదేశ్ హైకోర్టులో వ్యాజ్యం నడిచింది. గుర్రాలు ఒక ప్రైవేటు సంస్థ నడిపిన పందేలవి. ఎవరి తప్పెంతో కోర్టులు తేలుస్తాయి, అది నా పని కాదు. నేను అడిగేది చిన్న ప్రశ్న. కాలేజీ లైబ్రరీలో పుస్తకం బయటికి పోవాలంటే బార్‌కోడ్ కొట్టాలి. ఒక రాష్ట్ర రాజధాని నుంచి 57 గుర్రాలు బయటికి పోవాలంటే, అవి ఎక్కడికి, ఎవరి పూచీ మీద, ఏ పశువైద్యుడి సంతకంతో పోయాయో జనం చూసుకునే రిజిస్టర్ ఎందుకు లేదు? పందెపు గుర్రాలకు చిప్ ఉంటుంది, వంశవృక్షం ఉంటుంది. పరిగెత్తినంత కాలం ప్రతి పరుగూ సెకండ్లలో రాసి పెడతారు. పరుగు ఆగిన మర్నాటి నుంచి దాని చరిత్ర ఖాళీ పేజీ.

నేనైతే మొదట క్లబ్‌ను, పోలీసింగ్‌ను విడగొట్టమంటాను. ఇదేమీ విప్లవం కాదు. 1750 నుంచి ఇంగ్లండ్‌లో పందేలను శాసించిన జాకీ క్లబ్ లాంటి సంస్థే ఆ పని వదులుకుంది, 2007 నుంచి అక్కడ నియంత్రణ అంతా బ్రిటిష్ హార్స్‌రేసింగ్ అథారిటీ చేతిలో ఉంది. అమెరికాలో రాష్ట్రానికో రూలు ఉంటే 2020లో కేంద్ర చట్టం చేసి గుర్రాల భద్రతకు, మందుల వాడకానికి ఒకే సంస్థను పెట్టారు. మన దగ్గర గుర్రప్పందేలు, బెట్టింగ్ పన్ను నిబంధనలు నిజాం కాలపు క్యాలెండర్‌లో, 1358 ఫసలీ పేరుతో వచ్చాయి. ఫసలీ సంవత్సరం అంటే ఏమిటో మన బ్యాచ్‌లో ఎంతమందికి తెలుసు? దాని స్థానంలో ఒక కొత్త చిన్న చట్టం చాలు. స్టీవార్డులకు జీతం క్లబ్ ఇవ్వకూడదు. గుర్రం ఆరోగ్యం, వాడిన మందులు, విచారణ తీర్పులు కారణాలతో సహా అదే రోజు వెబ్‌సైట్‌లో పెట్టాలి. ప్రతి పందేనికీ కుండలో ఎంత పడింది, కోత ఎంత, పంచింది ఎంత అన్నది ఎవరైనా దించుకుని లెక్క చూసుకునే ఫైలుగా ఉండాలి. న్యూయార్క్‌లో ఆ ఒక్క శాతాన్ని అలాంటి ఫైలుంటే మన సెకండియర్ పిల్లలు ఒక మధ్యాహ్నంలో పట్టేవారు. రిటైరైన గుర్రానికి టికెట్ డబ్బులోంచే నిధి. ఆ నిధి ఎంతుండాలో వాదించుకోవచ్చు, ఉండాలా వద్దా అని కాదు.

ప్రభుత్వ మనుషులు కమిటీలో కూర్చుంటే రాజకీయం వస్తుంది అంటారు. ఇప్పుడు మాత్రం లేదా? పందేల లైసెన్సు ప్రభుత్వం చేతిలో, పన్ను ప్రభుత్వం చేతిలో. క్లబ్ సభ్యత్వం చాలా నగరాల్లో పలుకుబడి గుర్తు. ఇప్పుడున్న రాజకీయం కనపడని రాజకీయం. చట్టం రాస్తే అసెంబ్లీలో చర్చ జరుగుతుంది, మా జుక్కల్ ఎమ్మెల్యే కూడా చెయ్యెత్తి ప్రశ్న అడగొచ్చు. మా జాతర కుస్తీలో కొబ్బరికాయ పందెం నుంచి వెండి కడియం పందెం దాకా తీర్పు నలుగురి కళ్ల ముందే జరుగుతుంది. ఎవడి వీపు మట్టికి తగిలిందో గోచీ కట్టిన పిల్లాడు కూడా చూస్తాడు, తేడా వస్తే బరి చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకోరు.

క్లబ్ తన పుస్తకాలు మనకు చూపించకపోవచ్చు. కానీ లైసెన్సు ఇచ్చింది, పన్ను వసూలు చేసింది ప్రభుత్వ శాఖలు. వాటి ఫైళ్లు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయి. రుసుము మండలం స్థాయిలో ఐదు రూపాయలు, పైన పది రూపాయలు. నేను మూడు ప్రశ్నలు రాసిపెట్టుకున్నాను. మలక్‌పేట పందేలకు ఇచ్చిన లైసెన్సు షరతుల ప్రతి. ఆ షరతులు పాటిస్తున్నారా అని గత ఐదేళ్లలో ఏ అధికారి ఎన్నిసార్లు తనిఖీ చేశాడు, నివేదికల ప్రతులు. 2025 ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ నుంచి గుర్రాల తరలింపుకు పశుసంవర్ధక శాఖ ఇచ్చిన ధ్రువపత్రాల ప్రతులు. నాలుగో ప్రశ్న ఎవరికైనా తడితే క్లబ్ గ్రూప్‌లో పెట్టండి, వచ్చే సోమవారం పోస్టు చేస్తున్నా.